మూడో సాలు, ఏడో చెట్టు

నకిరేకల్ నిమ్మ మార్కెట్ ఎదురుంగ
ఇరవై ఆరేండ్ల సంది మందులమ్ముతున్న.
ఎర్ర ముక్కోణం, పసుపు ముక్కోణం, నీలం ముక్కోణం,
సదువు రానోళ్లకు రంగు చూపెట్టి
ఎంత విషమో చెప్పెటోణ్ని.
నిమ్మ గజ్జికి మాత్రం చెప్పేదేం లేదు,
చేతికి అలవాటైన పని:
రాగి మందు ఒక డబ్బా,
తెల్ల పొడి చిన్న ప్యాకెట్ ఒకటి,
ఖాతాల ఒక గీత.

మొదట్ల ఒక్క ప్యాకెట్‌కే మాటినేది గజ్జి.
తర్వాత రెండింటికి.
పోయిన వానకాలం నాలుగు కలిపి కొట్టినా
పసుపు అంచుతోని, నడుమ బెరడు లెక్క పొక్కి
ఆకు మీద నుంచి నన్నే చూసింది.
సైదమ్మ ఒక కాయ తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.
ఏమనలే.
మచ్చ మీద బొటనవేలితో రుద్దింది, గరగర.
నాకినపడాలనే రుద్దింది.

అప్పుడే వచ్చింది రుబీనా,
నల్లగొండ నుంచి స్కూటీ మీద,
కాళ్ల సందున థర్మాకోల్ పెట్టె.
తోటంత తిరిగి అడిగింది:
"అమ్మా, అన్నిటికన్న పాడైన చెట్టేది?"
గుత్తకు పట్టెటోళ్లకు ఎన్నడూ చూపని చెట్టు.
మూడో సాలు, ఏడోది.
నరికి కాలబెట్టమని రెండేండ్ల కిందనే చెప్పిన నేను.
గొడ్డలికి కామ దొరకలేదని ఊకున్నదట.
దాని మొదట్ల కూసోని చెంచతో మన్ను తీసింది పిల్ల.
"రోగం బాగ ముదిరిన కాడనే
రోగాన్ని తినేది దొరుకుతదమ్మా."
సైదమ్మ నా దిక్కు చూసింది.
నేను మొగులు దిక్కు చూసిన.

మూడు వారాలకు గాజు పళ్లెం తెచ్చి
నా దుకాణం ట్యూబ్‌లైట్‌కు పట్టి చూపింది.
పళ్లెం నిండ గజ్జి క్రిములు, పసుపు మీగడ లెక్క.
మీగడల సుక్కలు సుక్కలుగ ఖాళీ,
చలికాలం పొద్దుగాల బస్సు అద్దం మీది ఆవిరిని
ఎవరో పిల్లగాడు వేలితో అద్దినట్టు.
"ఒక్కో సుక్క కాడ ఒక ఫేజ్ దిగింది.
క్రిమి లోపలికి పోయి, నూరై, పగలగొట్టుకొని వచ్చింది.
మనిషితోని, తేనెటీగతోని దీనికి పని లేదు.
ఈ ఒక్క క్రిమి తప్ప లోకం ఎరుక లేదు దీనికి."
సైదమ్మ పళ్లెం మీదికి వంగి
చానాసేపు చూసి నవ్వింది:
"అగో, గజ్జికి గజ్జి తగిలింది."

ఎండ తగిలితే చస్తదట ఆ మందు.
పాలపొడి కలిపితే జరసేపు నిలుస్తదట.
విషాలమ్ముకొని బతికినోణ్ని,
పక్క కిరాణంల రెండు కిలోల పాలపొడి అడిగితే
"మనుమడు పుట్టిండా అన్నా?" అన్నడు షావుకారి.

పొద్దుగూకినంక కొట్టినం.
సైదమ్మ నెత్తికి టార్చి కట్టుకుంది.
ముక్కుకు గుడ్డ కట్టబోయి
ఎందుకో ఆగి, భుజం మీదేసుకుంది.
మందు కొట్టే తోటల
పాల వాసన. నాకు చాయ్ యాదికొచ్చింది.

సగం తోటకు ఇది, సగానికి నా పాత మందు.
చెట్టుచెట్టుకు రిబ్బన్ కట్టి లెక్క రాసుకుంది రుబీనా.
శ్రావణంల గాలివాన కొట్టింది.
ముండ్లు ఆకుల్ని గీకినయ్, గీకిన కాడల్లా
గజ్జి మళ్ల దూరింది. ఉన్నది చెప్పాలె.
ఇటు సగంల తక్కువ దూరింది.
ఎంత తక్కువంటే,
మార్కెట్ల కాయలేరే జానమ్మ చేతులు
ఆ బస్తా కాడ ఆగకుండ పోయినయ్.
గంతే. డప్పు కొట్టేంత ఏం కాదు.
"గజ్జి గూడ నేర్చుకుంటది సార్," అన్నది పిల్ల,
"ఇంకో చెట్టు కింద ఇంకోదాన్ని ఎతకాలె."

ఒక సీసా ఇప్పుడు నా ఫ్రిజ్‌ల ఉంది,
నీళ్ల బాటిల్ పక్కన.
ముక్కోణం లేదు, ధర లేదు.
పెన్నుతో తేదీ, దాని కింద
"మూడో సాలు, ఏడో చెట్టు."

రాత్రి షట్టర్ దించి
ఖాతాల సైదమ్మ పేజీ తీసిన.
నాలుగు ప్యాకెట్ల బాకీ, అట్లనే ఉంది.
పెన్ను మూత తీసిన.
ఇంక గీత కొట్టలే.